అందరి ఊపిరీ ఇరవై కాదు: వైజాగ్‌లో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళూ ఎలా చదవాలి

బైపీసీ అయిపోయి, కౌన్సెలింగ్‌లో సీటొచ్చి, హాస్టల్‌కి బకెట్టూ పరుపూ మోసుకొచ్చిన మొదటి వారంలో ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. ఇంజెక్షన్ వెయ్యడమేగా, దానికి నాలుగేళ్ళెందుకు? మా పెద్దమ్మ కూడా నన్ను ఇదే అడిగింది. ఇంజెక్షన్ వెయ్యడం ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుందండీ. మిగతా నాలుగేళ్ళూ వేరే పనికి. మంచం మీదున్న మనిషిలో పొద్దుటికీ సాయంత్రానికీ వచ్చిన తేడాని అందరికంటే ముందు కనిపెట్టడం, దాన్ని రాయడం, చెప్పాల్సిన వాళ్ళకి టైముకి చెప్పడం. డాక్టరు రౌండ్స్‌కొచ్చి ఒక్కో బెడ్డు దగ్గర ఐదు నిమిషాలుంటారు, మిగతా రోజంతా అక్కడ ఉండేది మనమే కదా. సిలబస్‌లో ఏ సబ్జెక్టు తెరిచినా "ఇది తెలిస్తే నేను పేషెంట్లో ఏం చూస్తాను?" అని అడగండి. జవాబు దొరికితే ఆ పాఠం గుర్తుంటుంది, దొరకకపోతే మేడంని అడగండి.

లెక్కలు ముందే చెప్పేస్తాను. కోర్సు నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సిలబస్ మార్చి సెమిస్టర్ పద్ధతి పెట్టింది, కాబట్టి అంతకుముందు చదివిన అక్కల నోట్సులో సబ్జెక్టుల వరస వేరేగా ఉంటుంది, కంగారు పడకండి. మన రాష్ట్రంలో చాలా కాలేజీలకి పరీక్షలు పెట్టేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. పరీక్ష రాయాలంటే థియరీకి 80 శాతం హాజరు ఉండాలి. క్లినికల్స్‌కి మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తిచెయ్యాలి, అంటే సంక్రాంతికి ఊరెళ్ళి నాలుగు రోజులు అదనంగా ఉండిపోతే ఆ నాలుగు రోజుల డ్యూటీ తర్వాత ఎప్పుడో చేసి తీరాల్సిందే.

మొదట వాచీ కొనండి

పుస్తకాలు కాదు, వాచీ. సెకన్ల ముల్లు ఉన్నది, మూడొందలదైనా చాలు. ఫోన్లో చూసుకుంటానంటే వార్డులో కుదరదు, పేషెంటు ముందు ఫోను తీస్తే వాట్సాప్ చూస్తున్నామనుకుంటారు, మేడం కూడా అదే అనుకుంటారు. తర్వాత జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, నాలుగు రంగుల పెన్ను, చిన్న కత్తెర, టార్చి, రోజంతా నిలబడినా కాళ్ళు పీకని బూట్లు. పుస్తకాలు మాత్రం మొదటి రోజే అన్నీ కొనెయ్యకండి. లైబ్రరీలో నెల రోజులు చూసి, ఏది మీకు అర్థమవుతోందో అదే కొనండి.

మొదటి ఏడాది: మీ ఒంటి మీదే చదవండి

అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, ఇంగ్లీషు, నర్సింగ్ ఫౌండేషన్. రెండో సెమిస్టర్లో బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, కొంచెం కంప్యూటర్లు. అనాటమీని చాలామంది బట్టీ పడతారు, అదే తప్పు. రేడియల్ ఆర్టరీ గురించి చదివేటప్పుడు మీ మణికట్టు మీద వేళ్ళు పెట్టండి. డెల్టాయిడ్ అంటే మీ భుజం తడిమి చూడండి, ఇంజెక్షన్ అక్కడ ఎంత చిన్న జాగాలో వెయ్యాలో తెలుస్తుంది. రూమ్మేట్ ఒప్పుకుంటే ఆవిడ వీపు మీద స్టెత్ పెట్టి ఊపిరి వినండి. నార్మల్ ఎలా ఉంటుందో వంద సార్లు వింటే తప్ప తేడా వచ్చినప్పుడు చెవికి అందదు.

ఫౌండేషన్లో ముందు నేర్పేది బెడ్ మేకింగ్. దుప్పటి మూలలు మడవడానికి డిగ్రీ ఎందుకని నవ్వుకుంటాం. నేనూ నవ్వాను. నెల తర్వాత, దుప్పటి ముడత మీద వారం రోజులు కదలకుండా పడుకున్న ఒక తాతగారి నడుము కింద పుండు చూశాక నవ్వు పోయింది. మూల సరిగ్గా మడవడం కంటే, పక్క మార్చేటప్పుడు ఆ వంకతో వీపంతా చూడటం ముఖ్యం.

ఇక వైటల్స్. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మొదటి ఏడాది చివర్లో ఒక పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో పోస్టింగ్. పన్నెండు మంది పేషెంట్లు, నాకు టైము లేదు, టెంపరేచరు, పల్స్, బీపీ చూసి, ఊపిరి గడిలో వరసగా అందరికీ 20 అని రాసేశాను. పైన ముందు రోజు వాళ్ళు కూడా 20 అనే రాశారు మరి. స్టాఫ్ సిస్టర్ చార్టు చూసి ఏమీ అనలేదు, నన్ను ఏడో బెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి "లెక్కపెట్టు" అన్నారు. 34. ఆయన పడుకోలేక రెండు చేతులూ మంచానికి ఊని కూర్చున్నాడు. "రాత్రి నుంచీ ఇలాగేనమ్మా, తగ్గనేదు" అంది వాళ్ళావిడ. ఆవిడని అంతవరకూ ఎవరూ అడగలేదు, నాతో సహా. వెంటనే డాక్టర్ని పిలిచారు, ఆక్సిజన్ పెట్టారు, గంటలో ఐసీయూకి మార్చారు. మనిషి బయటపడ్డాడు గానీ, ఆ 20 అంకె చూస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. పల్స్ లెక్కపెట్టడం అయిపోయాక చెయ్యి వదలకండి, అలాగే పట్టుకుని కళ్ళు మాత్రం ఛాతీ మీదికి తిప్పి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. "ఊపిరి లెక్కపెడుతున్నాను" అని చెప్పారంటే వాళ్ళు ఊపిరి తీసే తీరే మారిపోతుంది. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. లెక్కతో పాటు చూడాల్సినవి: మాట్లాడుతూ మధ్యలో ఆగుతున్నారా, మెడ కండరాలు లాగుతున్నాయా, పెదాలు నల్లబడ్డాయా.

బీపీకి వచ్చేసరికి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో బస్సు దిగి ఆ ఎత్తంతా ఎక్కి ఓపీకొచ్చిన మనిషికి వచ్చీ రాగానే పట్టీ చుడితే ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ వస్తుంది.

ఇంగ్లీషు భయం ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి పాడేరు వైపు నుంచో పలాస వైపు నుంచో వచ్చినవాళ్ళకి ఒక మాట. క్లాసులో మీరు వెనకబడొచ్చు, వార్డులో మాత్రం ముందుంటారు. పేషెంటు "ఆయాసం", "గుండె దడ", "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి", "కాళ్ళకి నీరు పట్టింది", "అరికాళ్ళు మంటలు" అంటాడు, ఇంగ్లీషులో చెప్పడు. జేబు నోట్‌బుక్‌లో ఒక పక్క వాళ్ళ మాట, ఎదురుగా కేస్ షీటులో రాసే మాట రాసుకుంటూ పోండి. ఆరు నెలలకి మీ సొంత నిఘంటువు తయారవుతుంది, వైవాలో అదే కాపాడుతుంది.

రెండో ఏడాది: అన్నీ ఒకేసారి మీద పడతాయి

మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ, అడల్ట్ హెల్త్ నర్సింగ్. ఏడ్చేవాళ్ళు ఎక్కువగా ఏడ్చేది ఈ ఏడాదే. మైక్రోబయాలజీని చేతులు కడుక్కోవడంతో మొదలుపెట్టండి: సబ్బూ నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30. వాడేసిన సూది తెల్ల డబ్బాలోకి, సెలైన్ సెట్టూ కాథెటరూ ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి. మర్చిపోకూడనిది ఇంకోటి, సూదికి మళ్ళీ మూత పెట్టకండి. సూది గుచ్చుకునేది ఎక్కువగా అక్కడే.

ఫార్మకాలజీకి ఏం చెయ్యాలంటే, మీ పేషెంటు వాడుతున్న మందులే చదవండి. రోజుకి మూడు. ఎందుకిస్తున్నారు, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం చూడాలి, అంతే. డిగాక్సిన్ అనే గుండె మందు ఇచ్చే ముందు గుండె ఒక నిమిషం లెక్కపెట్టాలని పుస్తకంలో చదివితే మర్చిపోతారు. నిమిషానికి 54 సార్లే కొట్టుకుంటున్న గుండెని విని, మాత్ర ఆపి, డాక్టరుకి చెప్పిన రోజు జన్మలో మర్చిపోరు.

లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్ళకి ఇక్కడ లెక్కలు మళ్ళీ దొరుకుతాయి. డ్రిప్ లెక్క ఇదీ: ఎక్కించాల్సిన మిల్లీలీటర్లని, మిల్లీలీటరుకి ఎన్ని చుక్కలో దానితో గుణించి, మొత్తం నిమిషాలతో భాగించండి. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో, 20 చుక్కల సెట్టుతో అయితే, 500 ఇంటూ 20 బై 240, దాదాపు 42 చుక్కలు నిమిషానికి. చుక్కల సంఖ్య సెట్టు ప్యాకెట్ మీదే ఉంటుంది, చూడకుండా ఊహించకండి.

ఇన్సులిన్ దగ్గర మాత్రం రెండో మనిషితో సరిచూపించుకోండి. మన దగ్గర సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి, సిరంజీలూ రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 సీసాలోంచి 40 సిరంజీతో 20 గీత దాకా తీశారనుకోండి, వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. సుగర్ పడిపోయి మనిషి తెలివి తప్పుతాడు. కొంతమందికి ఇంట్లో సిరంజీ మారిపోయి ఇదే జరుగుతుంది, అందుకే డిశ్చార్జి రోజున వాళ్ళ సిరంజీ తెప్పించి చూడండి.

కేర్ ప్లాన్, అంటే ఒక పేషెంటుకి మనం ఏం చెయ్యాలో రాసుకునే పత్రం, ఎలా రాయాలో కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే అందరూ సీనియర్ది కాపీ కొడతారు, మేడంకి తెలిసిపోతుంది. ఒక పేషెంట్ని పట్టుకోండి. వైజాగ్‌లో చదివే మనకి ఎప్పుడో ఒకప్పుడు ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంటు తప్పకుండా దొరుకుతాడు, కవిటి నుంచో కంచిలి నుంచో. ముందు అతన్ని చూడండి: మొహం ఉబ్బింది, పాదం నొక్కితే గుంట పడుతోంది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అది మీ సమాచార సేకరణ. ఒంట్లో నీరు ఎక్కువైంది, కిడ్నీలు పనిచెయ్యక, అన్నది మీ నర్సింగ్ డయాగ్నోసిస్. రేపటికి ఏం కావాలి? బరువు ఇంత తగ్గాలి, ఆయాసం తగ్గాలి. దానికి మీరేం చేస్తారు? రోజూ ఒకే టైముకి, ఒకే తూకం మీద బరువు చూడటం, ఎందుకంటే ఒక్క రోజులో కిలో పెరిగిందంటే అది తిండి కాదు, దగ్గరదగ్గర లీటరు నీరు. తాగిందీ పోసిందీ కొలవడం. "రెండు గ్లాసులు తాగాను" అంటే ఆ గ్లాసు ఎంతదో కొలిచి చూడటం. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకపోవడం, సూది గుచ్చనివ్వకపోవడం, రోజూ దాని మీద వేళ్ళు పెట్టి ఆ జుమ్మనే కదలిక ఉందో లేదో చూడటం. ఇక ఉద్దానం అంటే కొబ్బరి తోటలు కదా, చూడ్డానికొచ్చిన చుట్టాలు ప్రేమగా బొండాలు తెస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఆ కిడ్నీలు బయటికి పంపలేవు, గుండె ఆగిపోయే దాకా వెళ్ళొచ్చు. బొండాం వద్దని వాళ్ళ మనసు నొప్పించకుండా చెప్పడం కూడా కేర్ ప్లానే. చూశారా, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, న్యూట్రిషన్, సోషియాలజీ, అన్నీ ఒక్క మంచం చుట్టూ వచ్చేశాయి. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, అనుకున్నది జరిగిందో లేదో రాయండి, జరగకపోతే జరగలేదనే రాయండి.

ఎథిక్స్ పేపరు కూడా ఈ ఏడాదే ఉంటుంది. చిన్న పేపరని తేలిగ్గా తీసుకుంటారు. పేషెంటుతో సెల్ఫీ, కేస్ షీటు ఫోటో, ఇవి స్టేటస్‌లో పెట్టకండి. ఇంతకంటే చెప్పను.

మూడో ఏడాది: పిల్లలు, మనసు, ఊరు, పురుడు

పీడియాట్రిక్స్‌లో డోసులన్నీ బరువు మీద. బరువు మీరే చూడండి, "పది కిలోలుంటాడు" అన్న మాట మీద మందు లాగకండి. ఊపిరి లెక్క ఇక్కడ మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. దగ్గుతో వచ్చిన పిల్లల్లో రెండు నెలల లోపు వాళ్ళకి నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 వస్తే అది వేగమైన ఊపిరి, న్యుమోనియా అనుమానించాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదు, తల్లి ఒళ్ళో నిదానించాక, చొక్కా ఎత్తి, నిండా నిమిషం. "గుంటడు డొక్కలెగరేస్తన్నాడమ్మా" అని ఆ తల్లి అంటే పుస్తకంలో చెస్ట్ ఇన్‌డ్రాయింగ్ అని ఉన్నది అదే, వెంటనే చెప్పండి.

మెంటల్ హెల్త్ పోస్టింగ్ మనకి ఎక్కువగా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఉంటుంది. దాన్ని ఊళ్ళో ఏమని పిలుస్తారో మీకు తెలుసు, గేటు దాటాక ఆ మాట వాడకండి, బయట కూడా మానేస్తే ఇంకా మంచిది. మొదటి రోజు భయమేస్తుంది, రెండో రోజుకి పోతుంది. అక్కడ నేర్చుకునేది మాట్లాడటం కాదు, మాట్లాడకుండా కూర్చోవడం. పక్కన కూర్చుని పది నిమిషాలు ఏమీ అడగకండి, వాళ్ళే మొదలుపెడతారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా చదవండి, పేషెంటుకి ఏ హక్కులున్నాయో అందులో ఉంది.

కమ్యూనిటీలో బ్యాగు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. ఎండకి గొడుగు, నీళ్ళ సీసా మర్చిపోకండి, వైజాగ్ ఉక్కపోతకి మధ్యాహ్నానికే నీరసం వస్తుంది. ఇంట్లోకి వెళ్ళగానే ప్రశ్నల కాగితం తియ్యకుండా ముందు కాసేపు కబుర్లు చెప్పండి, మంచినీళ్ళు ఎక్కడ నిలవ చేస్తున్నారో, దోమలెక్కడున్నాయో మీ కళ్ళకే కనపడుతుంది. బుధ, శనివారాల్లో టీకాల సెషన్‌కి వెళ్తే, 2 నుంచి 8 డిగ్రీల చలిలో వ్యాక్సిన్‌ని ఎలా కాపాడుతున్నారో దగ్గరుండి చూడండి. మన్యం వైపు పంపితే సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) గురించి ముందే చదువుకుని వెళ్ళండి, అక్కడ ఆ జబ్బున్న కుటుంబాలు కనపడతాయి. ఫోరెన్సిక్ నర్సింగ్ చిన్న సబ్జెక్టు, కానీ పోలీసు కేసు ఉన్న పేషెంటు బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో దాచాలన్న ఒక్క విషయం కోర్టు దాకా పనికొస్తుంది, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి బూజొస్తుంది మరి.

ప్రసూతి ఆరో సెమిస్టర్లో మొదలై ఏడులో కూడా ఉంటుంది. వన్‌టౌన్‌లో ఘోషా ఆసుపత్రి, కేజీహెచ్ గైనిక్ వార్డు, మీ కాలేజీకి ఎక్కడ అనుమతి ఉంటే అక్కడ. కాన్పులు చూడటం ఒక ఎత్తు, కాన్పు ఎంతవరకు వచ్చిందో చూపే చార్టు, పార్టోగ్రాఫ్, గీయడం ఇంకో ఎత్తు, గీత ఎటు వెళ్తోందో చూస్తే కాన్పు ఆగిపోతోందని గంటల ముందే తెలుస్తుంది. బిడ్డ పుట్టగానే అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి, మీ చెయ్యి మాత్రం తల్లి కడుపు మీద ఉండాలి, గర్భసంచి గట్టిపడిందా మెత్తగా ఉందా అని. సాధారణ కాన్పులో అర లీటరు దాటి రక్తం పోతే ప్రమాదం, ఆ అర లీటరు గుడ్డల్లో పీల్చుకుపోయి చూడ్డానికి చాలా తక్కువగా కనిపిస్తుంది. బిడ్డకి ఆప్గార్ (పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి వేసే మార్కులు) ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో. మగ స్టూడెంట్లకి లేబర్ రూములో ఇబ్బందిగా ఉంటుంది, కొందరు తల్లులు వద్దంటారు, అది వాళ్ళ హక్కు. "వస్తానమ్మా, సిస్టర్ ఉంటారు" అని మర్యాదగా తప్పుకుని మేడంకి చెప్పండి, ఇంకో కేసు ఇస్తారు.

చివరి ఏడాది

రీసెర్చి ప్రాజెక్టుకి పెద్ద టాపిక్ పెట్టుకోకండి, మీ వార్డులో నలభై మందిని అడిగి తేల్చగలిగేది తీసుకోండి. మేనేజ్‌మెంట్ పేపరు ఆరో సెమిస్టర్లోనే అయిపోతుంది, బోరు అంటారు గానీ, ఇరవై మంది స్టాఫ్‌కి నైట్లు, ఆఫ్‌లు సర్ది డ్యూటీ చార్టు వేసి చూడండి, ఇన్‌ఛార్జి సిస్టర్ చిరాకు ఎందుకో అర్థమవుతుంది. డిజాస్టర్ పాఠం మాత్రం మన ఊరికి పుస్తకంలో విషయం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకైనప్పుడు జనం ఒక్కసారిగా కేజీహెచ్‌కొచ్చిపడ్డారు. అలాంటప్పుడు ట్రయాజ్‌లో, అంటే ఎవర్ని ముందు చూడాలో రంగులతో విడగొట్టడంలో, నడవగలిగినవాళ్ళకి ఆకుపచ్చ, నడవలేని వాళ్ళలో ఊపిరి నిమిషానికి 30 దాటితే నేరుగా ఎరుపు. అంత గందరగోళంలో మెషిన్లు ఉండవు, మీ కళ్ళూ మీ వాచీ ఉంటాయి.

ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటలు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఫోన్లో చెప్పడం. రాత్రి రెండు గంటలకి డాక్టర్ని లేపి "సార్, పేషెంటుకి బాలేదు" అంటే తిట్లే. ఇలా చెప్పండి: "సార్, ఫిమేల్ మెడికల్ నుంచి సిస్టర్ని. ఆరో బెడ్డు, యాభై ఏళ్ళావిడ, నిన్న న్యుమోనియాతో చేరారు. పదింటికి ఊపిరి 22 ఉండేది, ఇప్పుడు 32, సాచురేషన్ 88. ఆర్డర్ ప్రకారం ఆక్సిజన్ పెట్టాను. మీరొచ్చి చూడాలి సార్." ఇరవై సెకన్లు పడుతుంది, ఆయన చెప్పులు వేసుకుంటూనే బయల్దేరతారు. ఈ ఫోన్లో 22 ఎంత ముఖ్యమో గమనించారా, పదింటికి ఎవరో నిజంగా లెక్కపెట్టారు కాబట్టి తేడా తెలిసింది.

నైట్ డ్యూటీకి ముందు మధ్యాహ్నం నిద్రపోండి, తెల్లవారుజామున మూడు గంటలకి టీ కంటే నడక మేలు. తర్వాతి డ్యూటీ వాళ్ళకి అప్పజెప్పే హ్యాండోవర్ కూర్చుని కాగితం మీద చదివి ఇవ్వకండి, బెడ్డు దగ్గర నిలబడి ఇవ్వండి.

పరీక్షలు అయ్యాక ఏపీ నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ చేయించుకుంటేనే నర్సుగా పనిచెయ్యగలరు. ఎయిమ్స్‌కి వెళ్ళాలంటే నార్సెట్ అనే పరీక్ష రాయాలి, పల్లెల్లో హెల్త్ సెంటర్లలో సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పోస్టులుంటాయి, ఎమ్మెస్సీ ఉంటుంది, జర్మనీ, గల్ఫ్ అంటూ చాలామంది భాష కోచింగ్‌కి వెళ్తున్నారు. ఏ దారైనా, కాలేజీ వదిలే ముందే లాగ్ బుక్‌లో ప్రతి ప్రొసీజర్ పక్కనా సంతకం ఉందో లేదో చూసుకుని, సబ్జెక్టువారీగా థియరీ గంటలూ క్లినికల్ గంటలూ ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ రెండు కాపీలు తీసుకోండి. నేను తీసుకోలేదు. మూడేళ్ళ తర్వాత దానికోసం సెలవు పెట్టుకుని నాలుగుసార్లు తిరిగాను, సంతకం పెట్టాల్సిన మేడం అప్పటికి రిటైరైపోయారు.